పేరు – పరపతి: మసయోషి సొన్ వ్యాపార జీవితం, ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
జపాన్‌కు చెందిన సాఫ్ట్‌బ్యాంక్ సంస్థ స్థాపకుడు మసయోషి సొన్ గత నాలుగు దశాబ్దాల సాంకేతిక పెట్టుబడి చరిత్రలో ప్రముఖ వ్యక్తి. ఆయన జీవితాన్ని సాధారణంగా విజయగాథగానో, జూదరి కథగానో చెబుతారు. ఈ వ్యాసం ఆ రెండు మార్గాలనూ విడిచి, జపాన్‌లోని కొరియన్ కుటుంబంలో పుట్టిన ఆయన పేరు సమస్యకూ, ఆయన వ్యాపారానికి ఆధారమైన అప్పుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది. ఆయన గురించి ప్రచారంలో ఉన్న కథలను, అవి ఏ సందర్భంలో ఎవరికి చెప్పబడ్డాయన్న దృష్టితో చదువుతుంది.

కీలక పదాలు: మసయోషి సొన్, సాఫ్ట్‌బ్యాంక్, జైనిచి కొరియన్లు, పరపతి, విజన్ ఫండ్, జీవితచరిత్ర రచన.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘పరపతి’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ‘ఊళ్లో ఆయనకు పరపతి ఉంది’ అంటే పలుకుబడి ఉందని అర్థం. ‘ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం’ అన్నప్పుడు అదే మాట అప్పును సూచిస్తుంది. పేరున్నవాడికే అప్పు పుడుతుందన్న గ్రామీణ అనుభవం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. పేరు చెప్పుకుంటే అప్పు పుట్టని సమాజంలో పుట్టి, ఆ పేరుతోనే ప్రపంచంలోని అతిపెద్ద రుణగ్రస్తుల్లో ఒకడైన వ్యాపారి చరిత్రను చదవడానికి ఈ మాటకంటే తగిన పనిముట్టు నాకు కనబడలేదు.

ఇక్కడ పేరు గురించి ఒక వివరణ అవసరం. తెలుగు పత్రికలు ఆంగ్ల అక్షరక్రమాన్ని అనుసరించి ‘మసయోషి సన్’ అని రాస్తున్నాయి. జపాన్‌లోనూ కొరియాలోనూ ఆ ఇంటిపేరు ఉచ్చారణ ‘సొన్’కు దగ్గరగా ఉంటుంది. ఆ ఇంటిపేరును నిలబెట్టుకోవడానికి ఆయన ఒక రాజ్యవ్యవస్థతో పోరాడవలసివచ్చింది కనుక ఈ వ్యాసంలో ‘సొన్’ అనే రూపాన్నే వాడుతున్నాను.

సొన్ గురించిన ఆకరాలలో ఒక చిక్కుంది. ఆయన బాల్యం, యౌవనం గురించి మనకు తెలిసిన వాటిలో చాలా భాగం ఆయన స్వయంగా చెప్పినవే. పత్రికా రచయితలు వాటిని తిరిగి రాశారు, అభిమానులు పెంచారు. షిన్ఇచి సానో 2012లో జపనీస్‌లో ప్రచురించిన జీవితచరిత్ర, ‘ఫైనాన్షియల్ టైమ్స్’ పూర్వ సంపాదకుడు లయనెల్ బార్బర్ 2024లో ఆంగ్లంలో ప్రచురించిన జీవితచరిత్ర ఈ కథలను కొంతవరకు పరీక్షకు పెట్టాయి. అయినా కథ జరిగిన కాలం, కథ చెప్పిన కాలం అనే రెండింటినీ విడదీసి చూడవలసిన పని ఇంకా మిగిలే ఉంది. మన దగ్గర వెలువడుతున్న పారిశ్రామికవేత్తల జీవితచరిత్రలకూ ఈ లోపం వర్తిస్తుంది. వాటిలో నాయకుడి బాల్యం ఎప్పుడూ అతని విజయానికి ముందుమాటగానే ఉంటుంది.

2. నంబరు లేని స్థలం

సొన్ 1957 ఆగస్టు 11న క్యూషూ ద్వీపంలోని సాగా ప్రాంతం, తొసు పట్టణంలో పుట్టాడు. ఆయన తాత కొరియాలోని దేగు ప్రాంతం నుంచి వలస వచ్చినవాడు. కొరియాను జపాన్ 1910లో తనలో కలుపుకొంది. గనులకూ, కర్మాగారాలకూ, పొలాలకూ కొరియన్ శ్రామికులు వలస వచ్చారు. యుద్ధకాలంలో నిర్బంధంగానూ తరలించబడ్డారు. 1940లో వలస ప్రభుత్వం కొరియన్లు జపనీస్ తరహా ఇంటిపేర్లు పెట్టుకోవాలన్న విధానాన్ని అమలులోకి తెచ్చింది. యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్లినా లక్షలమంది జపాన్‌లోనే ఉండిపోయారు. 1952 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం అమలులోకి రాగానే వారందరూ జపాన్ జాతీయతను కోల్పోయి, తాము పుట్టి పెరిగిన దేశంలోనే విదేశీయులుగా మిగిలారు. వీరినే ‘జైనిచి’లు అంటారు. ‘జపాన్‌లో నివసిస్తున్నవారు’ అన్నది ఆ మాటకు అర్థం. నివాసం తప్ప మరో హక్కును సూచించని పేరది.

తొసు రైల్వేస్టేషను సమీపంలో, పట్టాల పక్కన, అనుమతి లేకుండా వేసుకున్న గుడిసెల వాడలో సొన్ కుటుంబం ఉండేది. ఆ స్థలానికి అధికారిక నంబరు లేదు. చిరునామాలో ‘నంబరు లేనిది’ అనే రాసేవారు. ఇంటిపేరే మనిషికి మొదటి గుర్తుగా ఉన్న మన సంస్కృతి నుంచి చూస్తే, ఇంటికి నంబరు లేకపోవడం, ఇంటిపేరును దాచుకోవలసి రావడం ఒకే పరిస్థితికి రెండు ముఖాలని తెలుస్తుంది. కుటుంబం పందులను పెంచేది. వాటి మేతకోసం నాయనమ్మ పట్టణంలో తిరిగి మిగిలిపోయిన అన్నాన్ని, కూడును బండిలో సేకరించేది. తండ్రి దొంగసారా కాచాడు, ఆపైన పచింకో ఆటశాలలు నడిపాడు. ఆయన వడ్డీ వ్యాపారం కూడా చేశాడని జీవితచరిత్రకారులు నమోదు చేశారు.

ఈ చివరి వివరాన్ని విజయగాథలు సాధారణంగా దాటవేస్తాయి. చరిత్రకు మాత్రం అది ముఖ్యం. పెద్ద కంపెనీలలో ఉద్యోగం, ప్రభుత్వోద్యోగం, బ్యాంకు రుణం అందనివారికి మిగిలిన వృత్తులు ఇవే: పందుల పెంపకం, పాత ఇనుము, సారా, పచింకో, వడ్డీ. జైనిచి సమాజ ఆర్థిక జీవితంలో పచింకోకు ఉన్న స్థానం ఇలా మూసుకుపోయిన తలుపుల వల్ల వచ్చినదే. ఈ వృత్తుల ఆదాయంతో కుటుంబం కొద్ది ఏళ్లలోనే సంపన్నమైంది. కుమారుణ్ణి అమెరికాలో చదివించగలిగింది. కనుక సొన్ కటిక దరిద్రం నుంచి ఒక్కసారిగా ఎదిగాడన్న కథ సగమే నిజం. ఆయనకు వారసత్వంగా వచ్చినది ఒక నగదు వ్యాపారం, దానితోపాటు ఆ నగదుకు గౌరవం దొరకని స్థితి.

3. రెండు పేర్లు

కుటుంబం బయటి ప్రపంచంలో వాడుకున్న పేరు యసుమొతొ. బడిలో ఆయన మసయోషి యసుమొతొ. ఆ ఇంటిపేరు రాసే చిత్రాక్షరాలను మరో రకంగా చదివితే ‘అన్‌పొన్’ అవుతుంది. తోటిపిల్లలు వెక్కిరింతగా అలాగే పిలిచేవారు. సానో తన గ్రంథానికి ఆ వెక్కిరింతనే శీర్షికగా పెట్టాడు. బాల్యంలో కొరియన్ అని తెలిసిన పిల్లవాడొకడు రాయి విసరగా తలకు గాయమైందని సొన్ పెద్దయ్యాక చెప్పాడు. ఉపాధ్యాయుడు కావాలనుకుని, జపాన్ పౌరసత్వం లేనివారికి ఆ ఉద్యోగం దొరకదని తెలుసుకున్నట్టు కూడా చెప్పాడు.

ఆయన 1974లో చదువుకోసం కాలిఫోర్నియా వెళ్లాడు. అదే ఏడాది జూన్‌లో యొకొహామా జిల్లా న్యాయస్థానం ఒక ముఖ్యమైన తీర్పునిచ్చింది. పాక్ చొంగ్‌సొక్ అనే కొరియన్ యువకుడు 1970లో తన జపనీస్ వాడుకపేరుతో హిటాచీ సంస్థకు దరఖాస్తు చేసి ఎంపికయ్యాడు. అతడు కొరియన్ అని తెలిసిన తర్వాత సంస్థ ఆ నియామకాన్ని రద్దుచేసింది. ఇది జాతి వివక్ష అని న్యాయస్థానం తేల్చింది. ఈ రెండు ఘటనల మధ్య నేరుగా సంబంధం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తరం ముందున్న రెండు దారులు కనిపిస్తాయి. ఒకరు దేశంలో ఉండి కోర్టుకెక్కారు, మరొకరు దేశం దాటారు. జైనిచిల హక్కులను విస్తరించినది మొదటి దారి. ప్రపంచానికి పేరుగా తెలిసినది రెండో దారిలో నడిచిన మనిషి.

కాలిఫోర్నియాలో ఆయన తన పేరును ‘సొన్’గా వాడుకున్నాడు. బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1980లో అర్థశాస్త్రంలో పట్టా పొందాడు. అక్కడే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఫారెస్ట్ మోజర్ తదితరుల సహాయంతో మాట్లాడే అనువాద యంత్రం నమూనా తయారుచేయించి షార్ప్ సంస్థకు అమ్మాడు. ఆ ఒప్పందానికి దోహదపడిన షార్ప్ సాంకేతిక నిపుణుడు తదాషి ససాకి పేరు మళ్లీ వస్తుంది. వీడియో ఆటల యంత్రాలను జపాన్ నుంచి దిగుమతి చేసి కూడా సొన్ లాభం గడించాడు. తొలి లాభాలు ఆటయంత్రాల నుంచి రావడం పచింకో కుటుంబపు వారసుడికి కొత్తేమీ కాదు.

జపాన్‌కు తిరిగివచ్చి వ్యాపారం పెట్టేటప్పుడు ‘సొన్’ పేరుతోనే పెడతానని అతడు పట్టుబట్టాడు. బంధువులు వద్దన్నారు. ఆ పేరుతో బ్యాంకులు అప్పివ్వవనీ, మంచి ఉద్యోగులు చేరరనీ వారి వాదం. ఇది పిరికితనం కాదు. రెండు తరాల అనుభవం నుంచి వచ్చిన ఆర్థిక అంచనా అది. హిటాచీ కేసు తెలిసినవారెవరైనా అదే మాట చెప్పేవారు.

పేరు విషయం అక్కడితో ముగియలేదు. జపాన్ పౌరసత్వం తీసుకునేవారు జపనీస్ తరహా పేరు పెట్టుకోవాలన్న ఒత్తిడి దశాబ్దాలపాటు పరిపాలనాచారంగా సాగింది. సొన్ అనే ఇంటిపేరు జపనీయుల్లో ఉన్నట్టు పూర్వోదాహరణ లేదని అధికారులు అభ్యంతరం చెప్పారు. అప్పుడు జపాన్ పౌరురాలైన ఆయన భార్య న్యాయస్థానం ద్వారా తన ఇంటిపేరును సొన్‌గా మార్పించుకున్నారు. దానితో ఆ ఇంటిపేరున్న జపాన్ పౌరురాలు ఒకరు అధికారికంగా ఏర్పడ్డారు, అంటే పూర్వోదాహరణ తయారైంది. ఆ తర్వాత 1990లో సొన్ అదే పేరుతో పౌరసత్వం పొందాడు. జపాన్‌లో కుటుంబాల నమోదు పుస్తకాన్ని ‘కొసెకి’ అంటారు. ఆ పుస్తకంలో ఒక కొరియన్ ఇంటిపేరు జపనీస్ ఇంటిపేరుగా చేరిన తీరు ఇది. ఆయన కొనుగోళ్లన్నిటికంటే చరిత్రకారుడికి ఆసక్తి కలిగించే ఘటన ఇదేనని నా అభిప్రాయం. ఆ ఇంటిపేరును రాసే చిత్రాక్షరానికి జపనీస్‌లో ‘మనవడు’ అని అర్థం.

4. బ్యాంకు కాని బ్యాంకు

1981 సెప్టెంబరులో కోటి యెన్ల మూలధనంతో స్థాపించిన సంస్థకు ఆయన పెట్టిన పేరు సాఫ్ట్‌బ్యాంక్. అది బ్యాంకు కాదు. సాఫ్ట్‌వేర్ తయారీదారుల నుంచి సరుకు తీసుకుని దుకాణాలకు సరఫరా చేసే టోకు వ్యాపారం. ఆరంభంలోనే ఒసాకా ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో మూలధనంలో అధికభాగం ఖర్చుపెట్టి పెద్ద సంస్థలతో సమానమైన ప్రదర్శనశాల వేయించాడు. వ్యాపారం కంటే ముందు వ్యాపారమున్నట్టు కనిపించడం అవసరమని ఆయన గ్రహించాడు. ఆ తర్వాత ఒసాకాలోని జోషిన్ దుకాణాల గొలుసు, హడ్సన్ అనే ఆటల తయారీ సంస్థ ఆయనతో ఒప్పందాలు చేసుకున్నాయి.

సరుకు కొనడానికి అప్పు కావాలి. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేదు. దాయిఇచి కాంగ్యో బ్యాంకు శాఖ ఒకటి ఆయనకు పది కోట్ల యెన్లు రుణమిచ్చింది. దీని వెనుక ససాకి సిఫారసు ఉంది. ఆయన తన ఇంటినైనా హామీగా పెట్టడానికి సిద్ధపడ్డాడని కథనం. కొరియన్ పేరుతో అప్పు పుట్టదన్న బంధువుల మాట నిజమైంది కూడా, కాలేదు కూడా. సొన్ పేరుకు అప్పు పుట్టలేదు, ససాకి పేరుకు పుట్టింది. ఈ రుణాన్ని సాహసానికి ప్రతిఫలంగా చెప్పే కథనాలు హామీదారుడి పాత్రను అంచుకు నెడతాయి. మన ఊళ్లలో అప్పుపత్రం రాసినవాడికంటే సాక్షి సంతకం పెట్టినవాడి మీదే నిద్రలేని రాత్రులు పడతాయని పాతతరం వారికి తెలుసు.

తర్వాతి పదేళ్ల వివరాలను ఇక్కడ విస్తరించను. కంప్యూటరు పత్రికలు, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి, ఆసుపత్రి మంచం మీది చదువు, తిరిగి పగ్గాలు చేపట్టడం గురించి చాలామంది రాశారు. 1994లో సంస్థ వాటాలు బహిరంగ విపణిలోకి వచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు ఆయనకు సొంత పరపతి ఏర్పడింది. 1995లో కామ్‌డెక్స్ అనే కంప్యూటరు ప్రదర్శనల సంస్థను, ఆ వెంటనే జిఫ్-డేవిస్ అనే పత్రికా ప్రచురణ సంస్థను అమెరికాలో కొన్నాడు. లాభాల దృష్టితో చూస్తే రెండూ ఖరీదైన కొనుగోళ్లు. అవి సమాచార మార్గాలుగా పనికొచ్చాయి. ఏ కొత్త సంస్థ రాబోతోందో ముందుగా తెలిసేది ఆ ప్రదర్శనలలో, ఆ పత్రికలలోనే. యాహూలో పెట్టుబడి, 1996లో యాహూ జపాన్ స్థాపన ఆ దారిలో వచ్చినవే.

5. 2000: కంటి చూపు కథ

2000 ఫిబ్రవరిలో సాఫ్ట్‌బ్యాంక్ వాటా ధర శిఖరానికి చేరింది. తాను మూడు రోజులపాటు ప్రపంచంలోకెల్లా సంపన్నుణ్ణి అయ్యానని సొన్ చెప్పుకున్నాడు. ఆ తర్వాత వాటా ధర 90 శాతానికి పైగా పతనమైంది. ఆయన కాగితం మీది సంపదలో సుమారు 7,000 కోట్ల డాలర్లు ఆవిరయ్యాయని అంచనా.

ఆ ఏడాది తొలినాళ్లలోనే చైనాలోని అలీబాబా అనే చిన్న సంస్థలో సాఫ్ట్‌బ్యాంక్ 2 కోట్ల డాలర్లు పెట్టింది. 2014 సెప్టెంబరులో అలీబాబా న్యూయార్క్ విపణిలో నమోదయినప్పుడు ఆ సంస్థలో సాఫ్ట్‌బ్యాంక్ వాటా విలువ 5,000 కోట్ల డాలర్లు దాటింది. ఎందుకు పెట్టుబడి పెట్టారని అడిగితే జాక్ మా కళ్లలో మెరుపు చూశానని సొన్ చెబుతూ వచ్చాడు.

ఈ కథను అబద్ధం అనడం లేదు. అదే కాలంలో సొన్ వందల సంస్థలలో పెట్టుబడి పెట్టాడు. వాటి స్థాపకుల కళ్లు ఎలా ఉన్నాయో ఎవరూ రాయలేదు. మునిగిన సంస్థల స్థాపకుల చూపులకు చరిత్ర లేదు. అలీబాబా గెలిచింది కనుక 2000 నాటి చూపుకు 2014లో అర్థం ఏర్పడింది. చైనా ఇంటర్నెట్ రంగంలో విదేశీ సంస్థలకున్న పరిమితులు, ఇళ్లకు వ్యాపించిన నెట్టు, నగర మధ్యతరగతి పెరుగుదల, పద్నాలుగేళ్లు వాటాను నిలిపి ఉంచుకున్న ఓర్పు – ఇవి చూపు కంటే బలమైన కారణాలు. ఓర్పు విషయంలో సొన్‌కు ఘనత ఇవ్వవలసిందే. పతనం తర్వాత డబ్బు అత్యవసరమైన రోజుల్లోనూ ఆయన ఆ వాటాలో చాలా భాగాన్ని అమ్మలేదు.

ఒక బి.ఏ. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక విద్యార్థిని, ‘ఆ వాటా లేకపోతే ఈయన గురించి పాఠం ఉండేదా?’ అని అడిగింది. ఉండేది కాదని ఒప్పుకోవలసివచ్చింది.

6. తీగలు, ప్రభుత్వం

పతనం తర్వాత సొన్ చేసిన పని ఆయన జీవితంలో సమాజానికి నేరుగా ఉపయోగపడిన భాగం. 2001లో యాహూ బీబీ పేరుతో అప్పటి ధరలో సగానికంటే తక్కువకు టెలిఫోను తీగలపై వేగవంతమైన ఇంటర్నెట్ సేవను ఆరంభించాడు. మోడెములను వీధుల్లో ఉచితంగా పంచిపెట్టాడు. సంస్థ వరసగా నాలుగేళ్లు నష్టాల్లో నడిచింది. తీగలు ఎన్‌టీటీ అనే పూర్వ ప్రభుత్వ సంస్థవి. వాటిని వాడుకోనివ్వడంలో జాప్యం జరుగుతున్నప్పుడు సంబంధిత మంత్రిత్వశాఖకు వెళ్లి, ఒంటికి నిప్పంటించుకుంటానని బెదిరించినట్టు ఆయనే చెప్పాడు.

ఈ కథ వినడానికి నాటకీయంగా ఉంటుంది. దాని వెనుక ఉన్న నిబంధన నాటకీయం కాదు. ఎన్‌టీటీ తన తీగలను ప్రత్యర్థి సంస్థలకు నియంత్రిత ధరకు తెరవాలని జపాన్ ప్రభుత్వం 2000 నాటికే నిబంధన తెచ్చింది. ఆ నిబంధన లేకపోతే బెదిరించడానికి ఆధారమే ఉండదు. కొద్ది ఏళ్లలో జపాన్ వినియోగదారులు ప్రపంచంలోకెల్లా చౌక, వేగవంతమైన ఇంటర్నెట్ పొందినవారిలో చేరారు. అందులో సొన్ తెగింపుకు ఎంత వంతు ఉందో, పేరు తెలియని అధికారులు రాసిన నిబంధనకూ అంతే వంతు ఉంది.

2006లో వొడాఫోన్ జపాన్ విభాగాన్ని సుమారు 1.75 లక్షల కోట్ల యెన్లకు కొన్నాడు. చందాదారులు నెలనెలా చెల్లించబోయే బిల్లులనే ఆధారంగా చూపి అదే ఏడాది భారీ రుణం తెచ్చుకున్నాడు. రేపటి రాబడిని నేటి తాకట్టుగా మార్చే ఈ పద్ధతి ఆయనకు అలవాటయింది. 2008లో ఐఫోన్‌ను జపాన్‌కు తెచ్చిన సంస్థ సాఫ్ట్‌బ్యాంకే. ఆ ఫోను రాకతో అప్పు భారం తేలికపడింది.

7. ఏడు శాతం

2016 జులైలో, బ్రెగ్జిట్ ఓటింగ్ జరిగిన కొద్ది వారాలకు, బ్రిటన్‌లోని ఆర్మ్ అనే చిప్ రూపకల్పన సంస్థను 2,430 కోట్ల పౌండ్లకు కొన్నాడు. 2017లో దాదాపు 10,000 కోట్ల డాలర్ల విజన్ ఫండ్ ఏర్పడింది. సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి అందులో 4,500 కోట్ల డాలర్లు పెట్టింది. యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్‌తో 45 నిమిషాలు మాట్లాడి నిమిషానికి వంద కోట్ల డాలర్ల చొప్పున తెచ్చానని సొన్ ఒక ముఖాముఖిలో చమత్కరించాడు. 2018 అక్టోబరులో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గి హత్య జరిగింది. సొన్ దాన్ని ఖండించాడు, సౌదీ సొమ్మును మాత్రం నిలుపుకున్నాడు.

45 నిమిషాల కథ వెనుక ఒప్పందపత్రంలో 7 శాతం ఉంది. బయటివారు పెట్టిన సొమ్ములో ఎక్కువ భాగం, సుమారు 4,000 కోట్ల డాలర్లు, ఏటా 7 శాతం చెల్లించవలసిన ప్రాధాన్య యూనిట్ల రూపంలో వచ్చింది. సాహస పెట్టుబడిగా కనిపించిన దానిలో పెద్ద భాగం నిజానికి వడ్డీకి తెచ్చిన డబ్బు. వడ్డీకి తెచ్చిన డబ్బు తొందరపెడుతుంది. కొత్త సంస్థలకు అవి అడిగినదానికంటే ఎక్కువ సొమ్ము ఇచ్చి, ప్రత్యర్థులకంటే వేగంగా విస్తరించమనడం ఈ ఫండ్ ప్రత్యేకతగా మారడానికి స్థాపకుడి స్వభావం ఒక్కటే కారణం కాదు. ఈ అమరిక కూడా కారణమేనని నేను భావిస్తున్నాను.

కార్యాలయ స్థలాలను అద్దెకిచ్చే వీవర్క్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. పన్నెండు నిమిషాలు తిరిగి చూసి 440 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడన్న కథ మొదట్లో ఆయన చురుకుదనానికి సాక్ష్యంగా ప్రచారమైంది. 2019లో ఆ సంస్థ విలువ 4,700 కోట్ల డాలర్ల నుంచి 800 కోట్లకు పడిపోయినప్పుడు అదే కథ ఆయన నిర్లక్ష్యానికి సాక్ష్యమైంది. 2023 నవంబరులో వీవర్క్ దివాలా రక్షణ కోరింది. పన్నెండు నిమిషాలు పన్నెండు నిమిషాలే, కథ అర్థం మాత్రం తిరగబడింది.

లెక్కల ఊగిసలాట కూడా అలాంటిదే. 2021 మార్చితో ముగిసిన సంవత్సరానికి సాఫ్ట్‌బ్యాంక్ 4.99 లక్షల కోట్ల యెన్ల లాభం చూపింది. జపాన్ సంస్థలలో అప్పటివరకు ఎవరూ అంత చూపలేదు. 2022 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలోనే 3.16 లక్షల కోట్ల యెన్ల నష్టం వచ్చింది. ఆయన సొంత వాటాల్లో పెద్ద భాగం బ్యాంకుల వద్ద తాకట్టులో ఉండేది. రెండో విజన్ ఫండ్‌లో తన వంతు కోసం ఆయన తన సంస్థకే వందల కోట్ల డాలర్లు బాకీపడ్డాడు. 2025 జనవరిలో వైట్‌హౌస్‌లో 50,000 కోట్ల డాలర్ల కృత్రిమ మేధ ప్రణాళిక ప్రకటించిన వేదిక మీద ఆయన నిలబడ్డాడు. ఆ సొమ్ములో ఎంత చేతిలో ఉందన్న ప్రశ్న అదే వారంలో తలెత్తింది. ఈ ప్రశ్న ఆయనకు 1981 నుంచి పరిచయమే.

8. గని గ్రామం

ఈ చరిత్ర తెలుగు నేలను ఒకచోట నేరుగా తాకుతుంది. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత సొన్ సౌరవిద్యుత్ వైపు మళ్లాడు. 2015లో భారతీ, ఫాక్స్‌కాన్ సంస్థలతో కలిసి భారతదేశంలో 2,000 కోట్ల డాలర్ల సౌర పెట్టుబడి ప్రకటించాడు. ఆ ఏడాది డిసెంబరులో నాటి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల పరిసరాల్లో ఏర్పడుతున్న 1,000 మెగావాట్ల సౌర ఉద్యానంలో 350 మెగావాట్లను, యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల ధరకు ఆయన సంస్థ దక్కించుకుంది. దాదాపు ఆరు వేల ఎకరాల రాయలసీమ నేల మీద పరిచిన పలకల్లో మూడోవంతుకు పైగా తొసు రైలుపట్టాల పక్కన పుట్టిన మనిషి సంస్థవి. 2018 అక్టోబరులో ఢిల్లీలో, కొనుగోలు ఒప్పందాల 25 ఏళ్లు ముగిశాక తమ సౌరకేంద్రాల నుంచి ఉచితంగా విద్యుత్ ఇస్తామని ఆయన చెప్పాడు. 2021లో సాఫ్ట్‌బ్యాంక్, భారతీ కలిసి ఆ భారతీయ సౌర సంస్థను అప్పులతో కలిపి 350 కోట్ల డాలర్ల విలువకు అదానీ గ్రీన్‌కు అమ్మేశాయి. 25 ఏళ్లలో ఆరేళ్లు కూడా గడవలేదు. పలకలు అక్కడే ఉన్నాయి. మాట ఇచ్చినవారు మాత్రం ఇప్పుడు ఆ ఆస్తి యజమానులు కారు.

9. చెప్పిన సమయం

2010 జూన్‌లో సొన్ తన సంస్థ రాబోయే ముప్ఫై ఏళ్ల దృక్పథాన్ని ప్రకటిస్తూ వాటాదారుల ముందు నాయనమ్మ బండి కథ చెప్పాడు. బండి మీద కూర్చున్న పసివాడి చేతికి తగిలిన జిగట, వాసన, పెరిగేకొద్దీ కొరియా గుర్తులన్నిటితోపాటు నాయనమ్మను కూడా అసహ్యించుకోవడం, ఆ తర్వాత కలిగిన పశ్చాత్తాపం గురించి కన్నీళ్లతో చెప్పాడు. ఆ ప్రసంగంలోని బాధను శంకించడానికి నాకు కారణం లేదు. జైనిచి మూలాల గురించి ఒక పెద్ద వ్యాపారి అంత బహిరంగంగా మాట్లాడటం జపాన్‌లో చిన్న విషయం కాదు. అప్పటికి వొడాఫోన్ కొనుగోలు బాకీలు ఇంకా తీరలేదన్నది, ఎదురుగా కూర్చున్నవారు వాటాదారులన్నది కూడా నమోదు కావలసిన విషయాలే. 1981లో అప్పుకు అడ్డమని బంధువులు భయపడిన పేరు 2010 నాటికి నమ్మకానికి ఆధారంగా పనిచేస్తోంది.

2022 ఆగస్టు 8న, ఆ భారీ నష్టాన్ని వివరించవలసిన సమావేశంలో, ఆయన తెర మీద తొకుగావా ఇయెయాసు చిత్రాన్ని చూపాడు. ముఖం ముడుచుకుని, గడ్డం చేతిలో పెట్టుకుని కూర్చున్న చిత్రమది. మికతగహారా యుద్ధంలో ఓడిపోయిన ఇయెయాసు, ఆ అవమానాన్ని మరచిపోకుండా ఉండటానికి దాన్ని గీయించుకున్నాడని జపాన్‌లో ప్రతి బడిపిల్లవాడికీ తెలుసు. సొన్ తన పొరపాట్లను ఒప్పుకోవడానికి ఆ కథనే ఎంచుకున్నాడు. ఆ చిత్రాన్ని భద్రపరచిన తొకుగావా కళా మ్యూజియం పరిశోధకుడు ఫుమిహికో హారా అంతకు కొన్నేళ్ల ముందే దాని పూర్వచరిత్రను పరిశీలించాడు. చిత్రానికీ ఆ ఓటమికీ సంబంధం చెప్పే పాత ఆధారాలు లేవనీ, ఆ కథ ఆధునిక కాలంలో చిత్రానికి అంటుకున్నదనీ ఆయన తేల్చాడు.